సారు అడిగిన బొచ్చె

నా సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో రాసిన వాక్యాలు మూడున్నాయి. మొదటి రెండూ అన్యాయం. వాటి మీద నేను పెట్టుకున్న అర్జీల నకళ్లు ఇప్పటికీ మా ఇంట్లో రేకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. చూస్తామన్నవాళ్లకు చూపిస్తాను. ఇంతవరకు ఎవరూ చూస్తామనలేదు. మూడో వాక్యం మాత్రం న్యాయంగా రాసిందే. చేపల శాఖలో కొత్తగా చేరే పిల్లలకు పనికొస్తుందేమోనని ఆ మూడోదాని సంగతి రాస్తున్నాను.

డెబ్బైల ఆఖర్లో నేను పుంగనూరు పక్కన చేపపిల్లల ఫారంలో అసిస్టెంటుని. ఆరు మట్టి కుంటలు, మూడు సిమెంటు తొట్లు, ఒక బావి, ఒక రేకుల షెడ్డు, ఇదీ ఫారం. నా పైన ఇన్‌స్పెక్టరు పోస్టు ఒకటి ఉండేది కానీ మనిషి లేడు. ఆయన పని కూడా నేనే చేశాను. ఆయన కుర్చీలో కూర్చుంటానేమోనని దాన్ని మదనపల్లె ఆఫీసుకు తెప్పించుకున్నారు. నేను నాలుగేళ్లు స్టూలు మీద కూర్చుని ఇద్దరి పని చేశాను. ఇది ఫిర్యాదు కాదు, స్టూలుకు మూడు కాళ్లే సరిగా ఉండేవి కాబట్టి చెబుతున్నాను.

నాతోపాటు ఇద్దరు పనిచేసేవాళ్లు. ఒకాయన ముసలి జాలరి. వల వేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. చెప్పిన మాట చెప్పినట్టు చేయడంలో కూడా సాటి లేరు, ఆ సంగతి తర్వాత వస్తుంది. ఇంకొకామె చేపలకు మేత కలిపే మనిషి. నూనె తీసిన చెనక్కాయ చెక్క దంచి, తవుడు కలిపి, పూటపూటకూ కుంటల్లో వేసేది. చదువు రాదు. లెక్క మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు. ఇక మదనపల్లె ఆఫీసులో మా పై అధికారి ఉండేవారు. మేమందరం ఆయన్ని సారు అనేవాళ్లం, ఇక్కడా అదే అంటాను. ఆయన జీపు తోలే భాయ్‌ది పుంగనూరే. మెమోలు తేవడం, సంజాయిషీలు తీసుకుపోవడం ఆయన పని. ఆయన రాకపోకల్లో సగం నా వల్లనే అని ఆఫీసులో అనేవాళ్లట.

మా పని ఏమిటంటే, తొలకరి వానలు పడగానే పెద్ద చేపలకు సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించడం. బొచ్చె, శీలావతి, మోసు, ఈ మూడు రకాలూ మామూలు కుంటలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. చచ్చిన చేపల తలలోంచి తీసిన గ్రంథిని నూరి, ఆ రసాన్ని తోక మొదట్లో కండలోకి ఎక్కించాలి. చెప్పడం సులభం. ఎనిమిది కేజీల బొచ్చె నీళ్లలోంచి బయటికి వస్తే ఊరుకోదు. ఇద్దరు పట్టుకుంటే ముగ్గురిని కొడుతుంది. ముసలాయన ముందుపళ్లు రెండు అట్లా పోయినవే. చేపకు కూడా మంచిది కాదు. పొలుసులు ఊడిపోతాయి, ఆ చోట బూజు పడుతుంది, గుడ్లు పెట్టకముందే చస్తుంది.

ఒక సంవత్సరం సారు ఎక్కడికో ట్రైనింగుకు పోయి, వచ్చేటప్పుడు ఒక సీసా తెచ్చారు. ఆ ట్రైనింగుకు మొదట రాసిన పేరు నాది. ఎట్లా మారిందో నేను అడిగాను, జవాబు రాలేదు. సీసాలో తెల్లటి పొడి. నీళ్లలో కలిపి చేపను అందులో వదిలితే నిమిషాల్లో మత్తు వస్తుంది. సూది వేసి మంచినీళ్లలో వేస్తే తేరుకుంటుంది. సీసాతోపాటు సైక్లోస్టైల్ చేసిన కాగితం ఒకటి. అక్షరాలు సగం పడలేదు. నేను డిక్షనరీ పెట్టుకుని రెండు దినాలు చదివాను.

మీకు కావాల్సింది ఇంతే. మందు కొలత చేప బరువును బట్టి కాదు, నీళ్లను బట్టి. అందుకని ముందు తొట్టిలో నీళ్లు ఎన్ని టిన్నులో లెక్కపెట్టి పోయాలి. ఆ పొడి నీళ్లను పులుపు చేస్తుంది, చేప కండ్లు, మొప్పలు మండుతాయి. దానికి విరుగుడు వంటసోడా. దాన్ని పుంగనూరులో బజ్జీలు వేసే హోటలు నుంచి తెచ్చేవాణ్ణి. చేప మొదట తూలుతుంది, తర్వాత వెల్లకిలా తిరుగుతుంది. అప్పుడు మొప్పల్ని చూడాలి. మొప్ప మెల్లగా ఆడుతూ ఉంటే పని చేసుకోవచ్చు. ఆగితే ఆ చేప ఊపిరి ఆగినట్టే. వెంటనే మంచినీళ్లలోకి తీసి, మూతి ముందుకుండేటట్టు మెల్లగా నడిపించాలి, నీళ్లు మొప్పల్లోంచి పారేదాకా. అంటే ఎవరో ఒకరు మొప్ప మీదనుంచి చూపు తీయకుండా ఉండాలి.

ఆ ఒకరు నేనే అని నేను తీర్మానించాను. ట్రైనింగు నాకు రాలేదు కాబట్టి ఆ పని ఇంకెవరికీ రాకూడదనుకున్నానేమో. అప్పట్లో అట్లా అనిపించలేదు. జాగ్రత్త అనుకున్నాను. షెడ్డు గోడ మీద సున్నంతో పెద్ద అక్షరాలు రాశాను, నేను తప్ప ఎవరూ మందునీళ్లు ముట్టుకోరాదు అని. ముసలాయనకు, ఆమెకు చదవడం రాదు కాబట్టి నోటితో కూడా చెప్పాను. ఒకసారి కాదు, దినానికొకసారి చొప్పున చెప్పాను.

పదిపదిహేను చేపల దాకా బాగా జరిగింది. కొట్లాడే బొచ్చె కొంగులో బిడ్డ మాదిరి పడుకుంటే ముసలాయన నమ్మలేకపోయాడు. దాని తోకను వేలితో ఎత్తి వదిలి, ఎత్తి వదిలి చూసేవాడు. ఈ మందు నాకు పళ్లుండంగానే రాకపోయెనే అనేవాడు.

ఇక్కడ చేతితొడుగుల సంగతి చెప్పాలి. ఆ నీళ్లలో చేతులు పెడితే నాకు వేళ్లు తిమ్మిరెక్కేవి. తొడుగులు కావాలని రాశాను. ఆఫీసు నుంచి ఒక జత పంపారు. రెండూ ఎడమచేతివే. ఆ సంగతి రాశాను. దానికి జవాబుగా భాయ్ చేతికి ఒక మెమో ఇచ్చి పంపారు. ఎడమచేతి తొడుగును లోపలివైపు బయటికి తిరగేస్తే కుడిచేతికి సరిపోతుందన్న విషయం ఎందుకు ఆలోచించలేదో వెంటనే సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. వెంటనే అన్న మాట కింద గీత కూడా ఉంది.

భాయ్ వచ్చేటప్పటికి తొట్టిలో రెండు ఆడబొచ్చెలు తూలుతున్నాయి. ఫారంలో ఉన్న ఆడవాటిలో మంచివి అవే. నేను మెమో చదివాను. షెడ్డులోకి పోయి, స్టూలు మీద కూర్చుని, సంజాయిషీ మొదలుపెట్టాను. ఒక పేజీ అనుకున్నాను. నాలుగేళ్ల విషయాలు గుర్తొచ్చాయి. కుర్చీ సంగతి, ట్రైనింగు సంగతి, అన్నీ వరసగా వచ్చాయి. మూడో పేజీ మధ్యలో ఉండగా ముసలాయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పు అన్నాను, తలెత్తకుండా.

"ఏమీ లేదప్పా. మొప్పలు ఆడ్డం లేదు," అన్నాడు.

పరుగెత్తాను. మంచినీళ్ల తొట్టిలో వేసి, ఒకదాన్ని నేను, ఒకదాన్ని ఆయన అటూ ఇటూ నడిపించాం. చానాసేపు నడిపించాం. ఆమె కూడా మేత పని వదిలేసి వచ్చి నీళ్లు తోడి పోసింది. రెండూ లేవలేదు. ఆగిపోయిందని నాకెప్పుడు చెప్పావు, ఎప్పుడు ఆగింది అని ముసలాయన మీద అరిచాను. ఆయన కోప్పడలేదు. మెల్లగా ఆడేటప్పటి నుంచి చూస్తానే ఉన్నాడట. తీసి పక్క తొట్లో వేద్దామని చేయి కూడా చాపినాడట.

"నువ్వు ముట్టొద్దంటివి గదప్పా," అన్నాడు.

  నేను షెడ్డులోకి పోయి సంజాయిషీ పూర్తిచేసి భాయ్‌కి ఇచ్చాను.

ఫారంలో పెద్ద చేప చచ్చిపోతే పంచుకోవడం మాకు ముందునుంచీ ఉన్న అలవాటు. రూలు ప్రకారం పూడ్చాలి. పూడ్చినట్టే రిజిస్టరులో రాస్తాం. చచ్చిన గంటలోపు చేప పాడుకాదు, ఎనిమిది కేజీల బొచ్చెను మట్టిపాలు చేయడం తిండికి లేనివాళ్లున్న చోట పాపం. నాకు ముందున్నవాళ్లూ అంతే చేశారు, నేనూ అంతే చేశాను. రెండు చేపలూ కోశారు. ముసలాయన ఒక పాలు, భాయ్ ఒక పాలు తీసుకున్నారు. నాకు ఆ దినం చేప నోట్లోకి పోయేటట్టు లేదు, వద్దన్నాను. నా పాలు కూడా మేతామె తీసుకుంది. ఆమె కూతురు పుట్టింటికి వచ్చి, కాన్పయి పదిదినాలయింది. తలకాయ పులుసు పెడితే పాలు బాగా పడతాయని, రెండు తలకాయలూ ఆమెకే ఇచ్చారు. ఆమె ఆ దినం సంతోషంగా పోయింది. నేను రిజిస్టరు తీసి, రెండు బొచ్చెలు చనిపోయినవి, పూడ్చిపెట్టడమైనది అని రాశాను.

మర్నాడు ఉదయం, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుందామని కాగితం మళ్లీ తీశాను. వెలుతురుకు పెట్టి చూస్తుంటే వెనకవైపు కూడా అక్షరాలు కనిపించాయి. ఆ కాగితానికి వెనకవైపు కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు. నాలుగు వాక్యాలు ఉన్నాయి అక్కడ. అందులో మూడోది, ఈ మందు తగిలిన చేపను ఇరవై ఒక్క దినాలు దాటేదాకా మనుషులు తినరాదు.

ఎందుకో, తింటే ఏమవుతుందో రాయలేదు. రాసి ఉంటే మేలుగా ఉండేది. రాయలేదు కాబట్టి ఏమైనా అవ్వచ్చు అనుకున్నాను.

వెంటనే చెప్పి ఉండాలి. ఆ మాట మీరు అనకముందే నేను అంటున్నాను. చెప్పడానికి లేచాను కూడా. ముసలాయన అప్పటికే వల భుజాన వేసుకుని కుంట దగ్గర ఉన్నాడు, ఎప్పటిలాగే. ఆమె చెక్క దంచుతూ ఉంది. బాగానే ఉన్నారు కదా అనిపించింది. చెబితే భయపడతారు అనుకున్నాను. సారు దాకా పోతే రిజిస్టరులో అబద్ధం రాసింది బయటపడుతుంది, అది కూడా అనుకున్నాను. ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను.

చెప్పడానికి బదులు, నేను చూడ్డం మొదలుపెట్టాను. ముసలాయన దగ్గితే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. భాయ్ వస్తే మెమో తీసుకోకముందు ఆయన కండ్లు చూసేవాణ్ణి. మేతామెను దినామూ కూతురెట్లా ఉందని అడిగేవాణ్ణి. బిడ్డ పాలు తాగుతున్నాడా, నిద్రపోతున్నాడా, మరీ ఎక్కువ నిద్రపోతున్నాడా. నాలుగు దినాలు జవాబు చెప్పింది. అయిదో దినం రోకలి ఆపి, నా కూతురి సంగతి నీకు యాలప్పా, నువ్వేమన్నా డాక్టరువా అంది. ముసలాయన నవ్వాడు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత నేరుగా అడగకుండా, ఎండలు ఎక్కువగా ఉన్నాయి, పసిబిడ్డలకు కష్టం అని ఊరికే అన్నట్టు అనేవాణ్ణి. ఇరవై ఒక్క దినాలు గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంక చెప్పాల్సిన అవసరం లేదనుకుని స్టూలు మీద కూర్చుని టీ తాగాను.

ఆ తర్వాత రెండు వారాలకు అసలు దినం వచ్చింది.

ముందుదినం కూలీలను పెట్టి పట్టించిన ఒక ఆడబొచ్చెకు ఆ ఉదయం మందు పెట్టి సూది వేశాం. పాత అనుభవంతో నేను కదలకుండా మొప్పలే చూశాను. బాగా తేరుకుంది. తొట్టిలో ఒక మూల నెమ్మదిగా ఉంది. పదిగంటలప్పుడు జీపు వచ్చింది. భాయ్ చేతిలో మెమో లేదు. పెద్ద ఇత్తడి గంగాళం, తడిపిన గోనెసంచి ఉన్నాయి. అది చూడగానే విషయం అర్థమైంది. పైనుంచి ఎవరైనా క్యాంపుకు వస్తే ఫారం నుంచి ఒక చేప పోవడం మాకు రూలు కాని రూలు. హైదరాబాదు నుంచి పెద్దాయన ఎవరో మదనపల్లెకు వచ్చారట. మధ్యాహ్నం సారు ఇంట్లో భోజనమట. బొచ్చె పులుసు చేయిస్తానని సారు ముందే మాట ఇచ్చారట. కుంటలోంచి ఇంకోదాన్ని పట్టాలంటే పెద్ద వల లాగడానికి ఆరుగురు కావాలి, మేము ముగ్గురం ఉన్నాం. భాయ్ తొట్టిలోకి చూశాడు. చేప ఎదురుగానే ఉంది, చేయి పెడితే వచ్చేటట్టు.

అది ఇచ్చేది లేదన్నాను. భాయ్ నవ్వాడు. నా సంగతి ఆయనకు తెలుసు కాబట్టి, తొడుగుల కోపం చేప మీద చూపిస్తున్నానని అనుకున్నాడు. ముసలాయన కూడా అదే అనుకున్నట్టున్నాడు.

"ఇచ్చేయప్పా. మెత్తగా పండుకోనుండాది పాపం. యాల తగాదా?" అన్నాడు.

మందు పెట్టిన చేప అన్నాను. మూడు వారాలు దాటేదాకా మనుషులు తినకూడదన్నాను.

షెడ్డులో రోకలి శబ్దం ఆగింది. ఆమె బయటికి వచ్చింది. చేతులకు తవుడు ఉంది, దులుపుకోలేదు.

"తినగూడదా?" అంది.

"కూడదమ్మా."

"పోయిన నెల మేము తింటిమి గదా. దానికీ ఇదే మందు గదా."

ఇదేనన్నాను. అప్పుడు నాకు తెలియదన్నాను. కాగితం వెనకవైపు సంగతి చెప్పబోయాను. ఆమె దాన్ని ఆగి వినలేదు.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"మర్నాడు."

"తెల్సినాంక సెప్పినావా?"

 ముసలాయన వల కింద పెట్టాడు. భాయ్ గంగాళం పట్టుకునే ఉన్నాడు, కానీ నవ్వు పోయింది. ఆయన కూడా ఆ దినం చేపలో తన పాలు తీసుకుపోయిన మనిషే. ఇంట్లో అందరూ తిన్నామన్నా అని మాత్రం అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులభంగా ఉండేది. అరిచినవాళ్లతో ఎట్లా మాట్లాడాలో నాకు బాగా తెలుసు.

"నా కూతుర్ని దినామూ అడుగుతాంటివే. అందుకా?"

"అందుకే."

"మేము తింటే చేప," అంది ఆమె. "సారు తింటే మందు."

నా జీవితంలో నన్ను అవమానించినవాళ్ల లెక్క నా దగ్గర ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారు, పక్కన ఎవరున్నారు, అన్నీ చెప్పగలను. నేను అవమానించినవాళ్ల లెక్క ఇంకొకరి దగ్గర ఉండొచ్చునని ఆ దినం దాకా నాకు తోచలేదు.

భాయ్ గంగాళం దించాడు. సాబ్‌కి ఏం చెప్పాలన్నా అని అడిగాడు. తర్వాత ఆయనే ఒక దారి చూపించాడు. చేపను తొట్లోంచి తీస్తుంటే జారి పెద్దకుంటలో పడిపోయిందని చెబుతానన్నాడు. దానికి ముసలాయన కూడా తలాడించాడు. అది మంచి అబద్ధమే. ఎవరికీ నష్టం లేదు. అసలు మాట రాస్తే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. మందు చేప తినకూడదని రాస్తే, మరి పోయిన నెల చచ్చిన రెంటినీ ఏం చేశావని సారు అడుగుతారు. పూడ్చానని రిజిస్టరులో ఉంది. గోతిని చూపించమంటే గొయ్యి లేదు. నా మీద చర్యకు కారణం కోసం ఎదురుచూసే మనిషికి నా చేత్తో నేనే కారణం రాసి, ఆయన జీపులోనే పంపినట్టవుతుంది. కొలువు పోతే మా ఇంట్లో ఇంకో సంపాదన లేదు.

ఆమె నన్నే చూస్తూ ఉంది. 

నేను షెడ్డులోకి పోయి కాగితం తీశాను. నా సర్వీసులో నేను రాసిన వాటిలో అంత చిన్న జాబు లేదు. తొట్టిలోని బొచ్చెకు ఈ ఉదయం మత్తుమందు పెట్టాను, ఇరవై ఒక్క దినాలు దాటేదాకా తినరాదు. పోయిన నెల ఈ మందుతో చనిపోయిన రెండు బొచ్చెలను పూడ్చినట్టు నేను రిజిస్టరులో రాసింది నిజం కాదు. వాటిని ఫారం మనుషులు తిన్నారు. సంగతి తెలిసిన తర్వాత కూడా నేను వాళ్లకు చెప్పలేదు. కాబట్టి చేప పంపడం లేదు. అంతే. కుర్చీ మాట గానీ తొడుగుల మాట గానీ అందులో లేదు.

మడిచి భాయ్‌కి ఇవ్వబోతే ఆమె అడ్డం వచ్చింది. ఏం రాసినావో సదువు అంది. చదివాను. 

"బాలింత తినిందని రాయి."

ఫారం మనుషులు అంటే అందరూ వచ్చినట్టే కదా అన్నాను.

"రాలేదు," అంది ఆమె. "రాయి."

ఫారం మనుషులు అన్న మాట పైన, కొంచెం సందు చేసుకుని, ఒక పచ్చిబాలింత అని రాశాను. మళ్లీ చదివి వినిపించాను. అప్పుడు పక్కకు జరిగింది. భాయ్ ఖాళీ గంగాళం, గోనెసంచి జీపులో పెట్టుకుని, జాబు జేబులో వేసుకుని పోయాడు.

ఆ మధ్యాహ్నం మదనపల్లెలో కోడి వండారట. చాలా బాగుందని పెద్దాయన మెచ్చుకున్నారట. అయినా నాకు మెమో వచ్చింది.

ఆ మెమోకూ, తర్వాత వచ్చిన మెమోలకూ మధ్య ఫారంలో ఎవరూ నాతో ఎక్కువ మాట్లాడలేదు. పని మానలేదు. అడిగినదానికి జవాబు చెప్పేవాళ్లు. వారం తర్వాత ఒక ఉదయం మేతామె కూతుర్ని, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. నేరుగా నా స్టూలు ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది.

"కండ్లారా సూసుకో," అంది.

చూశాను. బిడ్డ బుగ్గలు వేలాడేసుకుని, బొద్దుగా, నావైపు ఏమాత్రం ఆసక్తి లేకుండా చూశాడు. ఆ అమ్మాయి తల్లివైపు తిరిగి, నా సంగతి దినామూ అడిగే ఆయన ఈయనేనా అని మెల్లగా అడిగింది. బిడ్డ బాగుండాడమ్మా అన్నాను. బాగుండకుండా ఏమప్పా అంది మేతామె. తల్లీకూతుళ్లు పోయి చెక్క సంచుల నీడలో కూర్చున్నారు. ఆ దినం నుంచి మేతామె నాతో మామూలుగా మాట్లాడింది. మామూలుగా అంటే తిట్టడం కూడా అందులో భాగమే.

రిజిస్టరులో తప్పు రాసినందుకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. అదే మూడో ఎర్రసిరా వాక్యం. నన్ను కుప్పానికి మార్చారు. చేప పంపనందుకు అని ఎక్కడా రాయలేదు, పరిపాలనా సౌలభ్యం కోసం అని రాశారు.

కుప్పంలో పని చిన్నది. జాలర్లలో ఒకరికి తమిళం, ఒకరికి కన్నడం, ఇద్దరికీ కొంచెం తెలుగు. సీసా అక్కడికి కూడా వచ్చింది. అక్కడ నేను గోడ మీద ఏమీ రాయలేదు. ముందు ఒక చిన్న చేపను మత్తులో పెట్టి, అందరినీ తొట్టి చుట్టూ కూర్చోబెట్టి, మొప్ప ఎట్లా మెల్లబడుతుందో చూపించాను. మూడు భాషల్లోనూ ఒకే మాట చెప్పించాను. మొప్ప ఆగేటట్టుందని ఎవరికి అనిపిస్తే వాళ్లే తీసి మంచినీళ్లలో వేయాలి, నా కోసం చూడకూడదు, నేను వద్దన్నా వినకూడదు. మొదట్లో అవసరం లేకుండానే తీసేవాళ్లు. సూది వేయబోతుంటే నా చేతిలోంచి లాక్కున్నవాళ్లు కూడా ఉన్నారు. విసుగ్గా ఉండేది. కుప్పంలో ఉన్న అయిదేళ్లలో మందు వల్ల ఒక్క చేప చావలేదు. ఆ మాట ఎవరూ ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

రెండో సంవత్సరం మదనపల్లె ఆఫీసు నుంచి అన్ని ఫారాలకు ఒక సర్క్యులరు వచ్చింది. మత్తుమందు పెట్టిన చేపలను ఇరవై ఒక్క దినాల లోపల ఏ అవసరానికైనా, ఎవరికైనా ఇవ్వరాదని, సారు తన ట్రైనింగులో గమనించిన విషయమని అందులో ఉంది. చదివి తెలుసుకున్నాను అని రాసి సంతకం చేయాలి. చేశాను. పక్కన మార్జిన్‌లో, నాకు ముందే తెలుసు అని కూడా రాశాను. మార్జిన్‌లో రాసినందుకు మెమో వచ్చింది.

ఎనభైల మధ్యలో ఒకసారి మా చెల్లెలి ఇంటికి మదనపల్లె పోతూ పుంగనూరులో దిగాను. ఇంటికి వట్టిచేతులతో ఎందుకు పోవాలి, ఫారంలో ఒక చేప అడుగుదామనుకున్నాను. ముసలాయన అప్పటికి లేడు. ఇన్‌స్పెక్టరు పోస్టులో ఒక కుర్రాయన వచ్చాడు. కుర్చీ కూడా తిరిగి వచ్చింది. నేను ఎవరో చెబితే ఆయన లేచి నిలబడ్డాడు, ఇంకా చాలా మర్యాదగా మాట్లాడాడు. చేప మాట అడిగితే, తొట్టిలో ఒక బొచ్చె ఉందని, కానీ మేతామెను అడగాలని అన్నాడు. ఆమె తలకు కొంచెం తెలుపు వచ్చింది కానీ రోకలి అదే. నన్ను చూసి, చిక్కిపోయినావే అప్పా, కుప్పంలో తిండి లేదా అంది.

తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. తొట్టి గోడ మీద సున్నపు చుక్కలు వరసగా ఉన్నాయి. పాలు పోసేవాళ్లు వాకిట్లో పెట్టుకునేటట్టు, వేలితో పెట్టినవి. మందు పెట్టిన దినం నుంచి పూటకు కాదు, దినానికొక చుక్క పెడుతుందట. మూడు వరసలు, వరసకు ఏడు. మూడు వరసలూ నిండేదాకా ఆ చేప ఎవరికీ లేదు. మా సారు తరువాత వచ్చిన కొత్త సారు పోయిన నెల జీపు పంపితే, దాన్ని కూడా వట్టిదిగానే తిప్పి పంపిందని కుర్రాయన గర్వంగా చెప్పాడు.

నేను చుక్కలు లెక్కపెట్టాను. పదిహేడు ఉన్నాయి.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. నా సర్వీసు గురించి గానీ, ఆ మందు కాగితాన్ని డిక్షనరీ పెట్టుకుని మొదట చదివింది ఎవరన్నది గానీ ఆమెకు గుర్తు చేద్దామనుకున్నాను.

"ఇంకా నాలుగు దినాలుండాదప్పా," అంది.

బస్సులో నిలబడే మదనపల్లె పోయాను. ఆ విషయం మీద ఎవరికీ అర్జీ పెట్టలేదు.